అర దెబ్బ ఆలస్యం

పొద్దున్నే కీసర బ్యాండు మేళం వాళ్లు ఆటో తెచ్చి, బాలరాజు అమ్మేసిన డ్రమ్ముల సెట్టు ఎక్కించుకుపోయారు. పోయేముందు పెద్ద డ్రమ్ములోంచి మూడు క్యాసెట్లు తీసి అతని చేతిలో పెట్టారు. మూడింటికీ పైకాగితం కూడా విప్పలేదు.

విప్పడానికి మనసొప్పితే కదా! పదేళ్ల కిందట, తొంభై నాలుగులో, కరెంటు గిటార్లతో సొంత పాటలు కట్టిన రాక్ బ్యాండు మేడ్చల్ మొత్తానికి బాలరాజు వాళ్లదొక్కటే. పరమేశ్ పాడేవాడు, అంజయ్యది గిటారు, ముత్తయ్యది కీబోర్డు, డ్రమ్ములు బాలరాజువి. వాళ్లు వాయిస్తే శామీర్‌పేట పెళ్లిళ్లలో ముసలవ్వలు చెవులు మూసుకునేవాళ్లు. చరణం అయిపోయి పల్లవికి తిరిగేచోట, పరమేశ్ ఊపిరి పీల్చుకునేదాకా చూసి, బాలరాజు అర దెబ్బ ఆలస్యంగా కొట్టేవాడు. తొలి క్యాసెట్టు రికార్డింగులో స్టూడియో ఆయన అది పట్టుకుని, డ్రమ్ము వెనకబడుతోంది, మనిషిని మార్చండన్నాడు. ఆ మాట మీద నలుగురూ తిట్టుకున్నారు. క్యాసెట్టూ పోయింది, బ్యాండూ పోయింది.

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఇక్కడ మద్దెలే తాను ఓడునని ఒప్పుకుని ఇంటికొచ్చి కూర్చుంది. నా వల్లే చెడిందని బాలరాజు పదేళ్లూ కుమిలాడు. మిగతా ముగ్గురూ తలా ఒక క్యాసెట్టు సొంతంగా తెచ్చి అతనికి పంపితే, వెక్కిరించడానికే పంపారనుకుని విప్పకుండానే పెద్ద డ్రమ్ములో పడేశాడు.

సాయంత్రం వైర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసొచ్చిన ఒళ్లు గోడకు ఆనించి, డ్రమ్ములు లేని మూలను చూడలేక, మొదటిది టేపులో పెట్టాడు. పరమేశ్ ప్రేమ పాటలు. డ్రమ్ము మనిషిది కాదు, మిషన్‌ది. చరణం అయిపోయింది. మిషన్ ముందుకు పోయింది గానీ పరమేశ్ ఆగాడు. అర దెబ్బ ఆగి, వెనకబడి, ఉరుకుతూ వెళ్లి పల్లవిని అందుకున్నాడు.

బాలరాజు లేచి కూర్చున్నాడు. రెండోది అంజయ్యది. అదే చోట గిటారు ఆగింది. మూడోది ముత్తయ్య భజనలు. దేవుడి పాటలోనూ వేళ్లు అక్కడ ఆగాయి.

"ఏమైంది? గట్ల ఏడుస్తున్నవేంది?" అంది భార్య పద్మలత, చేటలో బియ్యం చెరుగుతూ.

 అతను పరమేశ్ క్యాసెట్టు అట్ట మీది ఫోన్ నంబరు చూసుకుంటూ ఎస్టీడీ బూత్‌కు నడిచాడు.

"పరమేశూ, నేను బాలరాజును. పల్లవి కాడ ఎందుకు ఆగుతున్నవ్‌రా?"



"నువ్వు కొడితే గదరా నేను ఎత్తుకునేది. గా స్టూడియోల గుడ నీ లెక్కనే కరెక్టని కొట్లాడిన. నువ్వే ఇనకుండ పోతివి. క్యాసెట్ పంపితే ఇంటవు, వస్తవనుకున్న." పరమేశ్ ఊపిరి పీల్చుకున్నాడు. "అంజయ్య, ముత్తయ్య గుడ గదే అంటరు. గీ ఐతారం గౌడవెల్లిల మా ఇంటికి రారాదు. అందరం కూసుందం. నీ డ్రమ్ములు తెచ్చుకో."

డ్రమ్ములు పొద్దున్నే పోయాయని చెప్పడానికి బాలరాజుకు నోరు రాలేదు.