గది పట్టుకున్న మాట

"వదినా, గీడ అబిడ్స్‌ల నీ గొంతు వినవడ్తుంది. జనం నిలవడి నవ్వుతున్నరు."

పక్కింటి సాయిసుధ ఫోన్ చేసినప్పుడు నేను పప్పుకు పోపు పెడుతున్నాను. ఆదివారం, పదకొండు గంటలు. నేను నాంపల్లిలో ఉంటే నా గొంతు అబిడ్స్‌లో వినబడటమేమిటి? తాళం వేసి ఆటో ఎక్కాను. సగం దారిలో స్టవ్ ఆర్పానో లేదో అని అనుమానం వచ్చింది. కాలితే కాలిపోనీ అనుకున్నాను. అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

మా అమ్మాయి అక్షిత డిజైన్ కాలేజీలో మూడో ఏడు చదువుతోంది. ఏదో ప్రదర్శన ఉందని మాత్రం చెప్పింది. ఏం ప్రదర్శనే అంటే "నీకు చెప్తే సమజ్ గాదు" అంది. పదో తరగతి చదివినదానికి అర్థం కానిది వీళ్లేం చేస్తారో!

పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల కుప్పలు. వాటి వెనక మూతబడిన చెప్పుల దుకాణం ఒకటి షట్టరు ఎత్తి ఉంది. లోపల ఖాళీ. నడుమ స్టూలు మీద చెక్కపెట్టె, దానికి తీగలు. మనిషి గడప దాటితే చాలు, పెట్టె నా గొంతుతో అరుస్తోంది.

"అక్షితా, ఏడున్నవ్? బస్సెక్కినవా? ఫోన్ ఎత్తుతలేవేంది బిడ్డా?"

"వాన పడ్తుంది, కరెంటు స్తంభం ముట్టకు."

"ఆ పానీపూరి తినకు. ఎవలో తిని దవాఖానల పడ్డరంట."

అన్నీ నేను దానికి వాట్సాప్‌లో రికార్డు చేసి పంపిన మాటలే. ఇద్దరు పోరగాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. వాళ్ల నవ్వు సంగతి తర్వాత. నేను భయపడింది ఇంకో మాటకు.

మా ఆయన బాలకిషన్‌కు ఫిట్స్ వస్తాయి. వామన్‌రావు సేఠ్ ప్రెస్‌లో కాగితాలు కోసే మిషన్ మీద ఆయనది ఇరవై రెండేళ్ల కొలువు. సేఠ్‌కు తెలిస్తే ఇంకేముంది! అందుకే మూడేళ్లుగా మా ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదు. సాయంత్రం ఆయన రాగానే చాయ్ చేతికిస్తూ వేళ్లు చూస్తాను. పదీ ఉంటే ఆ రోజు గడిచినట్టు. మొన్న వానాకాలంలో ఆయన స్నానాలగదిలో పడిపోతే, భయానికి ఆ సంగతంతా అక్షితకు ఫోన్లో మాటగా పంపాను. అది కూడా ఈ పెట్టెలో ఉంటే? సేఠ్ ప్రతి ఆదివారం ఈ పాత పుస్తకాల దగ్గరికే వస్తాడు.

"నడువుండ్రి బయటికి! సర్కస్ అయిపోయింది!" అని పోరగాళ్లను తరిమాను.

అక్షిత మూల నుంచి పరుగెత్తుకొచ్చింది. వెనకాలే గడ్డం మనిషొకాయన వచ్చాడు. గౌతమ్ సారట, ఈ చదువు చెప్పేది ఈయనేనట.

"సారూ, ఆడబిడ్డలకు గిదా మీరు నేర్పేది? తల్లిని బజార్ల వెట్టుడా?"

"మేము ఎవర్నీ నవ్వమని అడగలేదండీ. పిల్లలను తమ ఫోన్లో రోజూ ఉన్నా తాము పట్టించుకోనిదాన్ని తీసి, మనిషి నిలబడి వినేలా ఒక గది చేయమన్నాను. మీ అమ్మాయి చేసింది. క్లాసు మొత్తంలో ఇదే మంచి పని."

"పట్టించుకోనిదంటే నేనా?"

అక్షిత నా చెయ్యి పట్టి లాగింది.

"అమ్మా, బయట మాట్లాడుదాం రా. ఈ గది మన మాటలు ఇంటది."

"గది ఇనుడేంది? నా మీద ఇంకా నవ్వాల్నా? రోడ్డు మీద మాట్లాడి అందరికి ఇనిపియ్యాల్నా?"

బయటివాళ్ల చెవిన పడకూడదని నేనే షట్టరు సగానికి దించాను. పెట్టె పక్కకు వచ్చి నిలబడ్డాను.

"అమ్మా, జర చెప్పేది ఇను..."

"నువ్వు ఇను! మీ నాయినకు ఫిట్స్ వస్తయని వామన్‌రావు సేఠ్‌కు తెలిస్తే మిషన్ కాడికి రానిస్తడా? ఆ మాట దీంట్లకెళ్లి తియ్యి!"

"అది నేను తొలిరోజే తీసేసిన! నా ఫోన్లకెళ్లి గూడ తీసేసిన. నాకు తెల్వదా?" దాని కళ్లు ఎర్రబడ్డాయి.

ఇంక భయం లేదనుకున్నాను. షట్టరు ఎత్తాను. ఎదురుగా, చంకలో పుస్తకాల కట్టతో వామన్‌రావు సేఠ్!

"విద్యావతమ్మా, నువ్వేనా? ఇందాక గీ దిక్కు పోతుంటే ఎరుకున్న గొంతు లెక్క అనిపిచ్చింది," అని నవ్వుతూ లోపలికొచ్చాడు.

"ఔ సేఠ్, పిల్లల చదువంట," అని నేనూ నవ్వాను. పెట్టెలో ఆ మాట లేదు కదా అన్న ధైర్యం నాది. అక్షిత ముఖం చూసి ఉండాల్సింది. అది తీగల వైపు ఉరికింది.

పెట్టె ముందే పలికింది.

"మీ నాయినకు ఫిట్స్ వస్తయని వామన్‌రావు సేఠ్‌కు తెలిస్తే మిషన్ కాడికి రానిస్తడా?"

అక్షిత తీగ పీకేసింది. "లోపలికొచ్చినోళ్లు మాట్లాడింది గూడ అది పట్టుకొని, జర సేపటికి పలుకుతదమ్మా. అదే చెప్పబోయిన."

సేఠ్ ముఖంలో నవ్వు లేదు. "ఎన్నేండ్ల సంది?"

నేను సేఠ్ చంకలోని పుస్తకాల కట్ట వైపు చూశాను.

"మూడేండ్ల సంది," అంది అక్షిత.

"నోర్ముయ్!"

"ఎందుకు ముయ్యాలె? నేను బస్సెక్కితే సస్తనని రోజుకు ఇర్వైసార్లు ఫోన్ జేస్తవ్. నాయిన్ను మాత్రం రోజు పొద్దుగాల టిఫిన్ కట్టి కత్తి కిందికి తోలుతవ్!"

చెయ్యెత్తాను. గౌతమ్ సారు అడ్డం వచ్చాడు. చెయ్యి దానంతటదే దిగింది.

పెళ్లిపత్రికల గిరాకీ అని మా ఆయన ఈ ఆదివారం కూడా ప్రెస్‌కు పోయాడు. అది సేఠ్‌కూ అప్పుడే గుర్తొచ్చినట్టుంది, గబగబా ఫోన్ తీశాడు.

"బాలకిషన్‌ను మిషన్ బంద్ చెయ్యమను. అరే, బండిల్ సగముంటే ఉండనీ! ఇప్పుడే దూరం జరగమను."

ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు. "ఆ చెయ్యి తెగితే నెత్తురు నా మీద పడేది గాదమ్మా? రేపటి సంది వాన్ని రావద్దను." పుస్తకాల కట్ట స్టూలు పక్కనే మరిచి వెళ్లిపోయాడు.

అక్షిత తీగలు చుడుతోంది. నా వైపు చూడటం లేదు.

నా ఫోన్ మోగింది. ఆయనే. ఎందుకు దూరం జరగమన్నారో నన్ను అడగడానికే అయ్యుంటుంది. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే ప్రాణం పోయినట్టు అల్లాడేదాన్ని, ఆ ఫోన్ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అది మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.