మూడో అంతస్తులో పది రోజులు

కోచ్ మాస్టారు ఆ మాట చెప్పేటప్పుడు నవ్వలేదు. అంటే అది సలహా కాదు, ఆజ్ఞ.

"పది రోజులు గ్రౌండు వైపు కన్నెత్తి చూడకు. అలాగని మంచమెక్కి పడుకోమని కాదు. నడువు, మెట్లెక్కు, ఇంట్లో నాలుగు పనులు చెయ్యి. ఒళ్లు కదులుతూ ఉండాలి గానీ అలిసిపోకూడదు. పరుగెత్తావని తెలిసిందో, ఇంకో పది రోజులు కూర్చోబెడతా."

ఆమెకు ఇరవై మూడేళ్లు. పరిగెత్తేది ఐదువేల మీటర్లు. ఏడాదిగా ఒక్కరోజు కూడా మానకుండా సాధన చేయడంతో ఎడమకాలి ముందు ఎముక సలపడం మొదలుపెట్టింది. ఇంకో రెండున్నర నెలల్లో జట్టు ఎంపిక. అందుకే ఈ సెలవు.

సెలవిస్తే వెళ్లడానికి ఆమెకున్నది ఒక్కటే ఇల్లు, అక్క ఇల్లు. తల్లి పోయినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. అప్పటినుంచి అక్కాబావలే పెంచారు. బావ సిటీ బస్సు డ్రైవరు. ఈ పిల్ల కాళ్లలో ఏదో ఉందని మొట్టమొదట కనిపెట్టింది ఆయనే. ఒకరోజు స్కూలుకు ఆలస్యమై బస్సు వెంట పరిగెడుతున్న మరదల్ని అద్దంలో చూసి కూడా, ఎంతదూరం వస్తుందో చూద్దామని ఆపకుండా పోనిచ్చాడు. రెండు స్టాపులు దాటినా పిల్ల అద్దంలోంచి తప్పుకోలేదు. ఆ సాయంత్రమే షూస్ కొనుక్కొచ్చాడు. వారానికొక్క సెలవు దొరికితే ఆ పూట సైకిలు మీద ఆమె పక్కనే వస్తూ, వాచీ చూసి టైము చెప్పేవాడు. 'నాన్‌స్టాప్' అని పేరు పెట్టిందీ ఆయనే. "మీ అక్క మాత్రం ఆర్డినరీ సర్వీసమ్మా, ప్రతి స్టాపులో ఆగి కబుర్లు చెబితే గానీ కదలదు" అని పెళ్లాన్ని ఉడికించేవాడు.

పోటీలూ క్యాంపులూ అంటూ ఆమె ఆ ఇంటికి వెళ్లి పదకొండు నెలలైంది. ఫోనులో బావ సంగతి అడిగితే, "నడుం నొప్పి, సెలవు పెట్టారు" అని ఒకసారి, "నోరు పూసింది, మాట్లాడలేరు" అని ఇంకోసారి అక్క మాట దాటేసేది. చెప్పింది చెప్పినట్టు నమ్మేసింది ఆమె.

లిఫ్టు లేని ఇల్లది. బ్యాగు భుజాన వేసుకుని మూడు అంతస్తులూ ఒక్క ఊపున ఎక్కేసింది. తలుపు తీసే ఉంది. కిటికీ దగ్గర కుర్చీలో, అటూ ఇటూ దిండ్లు పెట్టి కూర్చోబెట్టిన మనిషిని చూసి, తప్పు ఇంట్లోకి వచ్చాననుకుని ఒక అడుగు వెనక్కి కూడా వేసింది.

"నాన్... స్టాప్... ఆగిందే!" అన్నాడు బావ. ఒక్కో అక్షరాన్నీ నోట్లోంచి లాగి బయట పెడుతున్నట్టుంది. లేవబోయాడు. కదిలింది తల ఒక్కటే.

ఆయన నవ్వించాలనుకున్నాడు కాబట్టి ఆమె నవ్వింది. బ్యాగు అక్కడే దించేసి, మంచినీళ్లకని వంటగదిలోకి నడిచింది. అక్క పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది.

"ఎన్నాళ్లయిందక్కా?"

"తెలిసి ఏడు నెలలు. ముందు కాలి చెప్పు జారిపోయేది. తర్వాత క్లచ్ మీద కాలు నిలవలేదు. ఎవరినైనా గుద్దకముందే అని ఆయనే డిపోకెళ్లి బస్సు అప్పజెప్పి వచ్చారు."

"డాక్టరేమన్నాడు?"

"కండరాలు ఒకదాని తర్వాత ఒకటి పని మానేస్తాయట. కాళ్లు, చేతులు, గొంతు. చివరికి ఊపిరి తీసుకునేవి కూడా. మందు లేదంట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అన్నీ వదిలేసి వచ్చి కూర్చునేదానివి. చెప్పనని ఒట్టు వేయించుకున్నారు మీ బావ." అక్క గ్లాసులో నీళ్లు పోసి చేతికిచ్చింది. "ఏడిస్తే ఇక్కడే ఏడువు. బయటికి వచ్చేటప్పుడు మొహం కడుక్కుని రా."

అక్క రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మిషను మీద పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్తే తిరిగొచ్చేసరికి మూడున్నర. అంతదాకా కింది అంతస్తు పెద్దావిడ మధ్యమధ్యలో వచ్చి చూసిపోయేది. మర్నాటి నుంచి ఆ పనంతా చెల్లెలు చేతిలోకి తీసుకుంది. బావను ఎత్తి బాత్రూముకు తీసుకెళ్లడం, స్నానం చేయించడం, గడ్డం గీయడం, అన్నం మెత్తగా మెదిపి గొంతుకు అడ్డం పడకుండా చిన్న చెంచాతో తినిపించడం. అరగంట పట్టేది తినడానికి.

గోడకు ఆసుపత్రివాళ్లిచ్చిన కాగితం ఒకటి అంటించి ఉంది. బిగుసుకుపోకుండా రోజూ కాళ్లూ చేతులూ వంచి చాపాలి, ఒక్కో కీలు దగ్గర పదేసిసార్లు. ఆ పని ఆమెకు చెప్పక్కర్లేదు. పిక్క ఎక్కడ మొదలవుతుందో, తొడ నరం ఎక్కడ పట్టేస్తుందో ఆమె వేళ్లకు తెలుసు. కానీ మొదటిరోజు బావ ఎడమ పిక్క చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. పాతికేళ్లు క్లచ్ తొక్కిన కాలది. రాయిలా ఉండేది. చిన్నప్పుడు దాన్ని గిల్లి చూసి, "బావా, నీ కాలు గిల్లుడు పడదు" అని నవ్వేది. ఇప్పుడు తడిసిన గుడ్డలా వేళ్ల మధ్య జారిపోతోంది.

"ఇంజన్... బాగుంది," అన్నాడు ఆయన ఆమె మొహం చూసి. "టైర్లే... పోయాయి."

నాలుగోరోజు మాస్టారు ఫోను చేశారు.

"కదులుతున్నావా?"

"కదులుతూనే ఉన్నాను మాస్టారూ."

"అలిసిపోవడం లేదు కదా?"

"లేదండీ," అని అబద్ధమాడింది. చిత్రంగా, కాలి సలుపు మాత్రం తగ్గింది.

ఆరోరోజు పొద్దున గడ్డం గీస్తుంటే బావ డిపో అన్నాడు. మొదట ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు. ఒక్కసారి బస్సులో, తన సీట్లో కూర్చోవాలట. అక్కను ఇంతకుముందే అడిగాడట. "మిమ్మల్ని ఇలా అందరూ చూడాలా?" అని అక్క ససేమిరా ఒప్పుకోలేదట.

ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత దుప్పటి తీసుకుని ఆయన్ని వీపు మీద వేసుకుని, నడుం చుట్టూ బిగించి కట్టుకుంది. పెద్దావిడ, "అయ్యో, పడతారే తల్లీ!" అంటూ వాళ్లకు ముందుగా వెనక్కి నడుస్తూ దిగింది. యాభై నాలుగు మెట్లు. బావ గడ్డం ఆమె భుజం మీద ఆనుకుని ఉంది. జిమ్ములో తాను రోజూ ఎత్తే బరువుకన్నా ఈ మనిషి తేలిగ్గా ఉన్నాడన్న ఆలోచన వచ్చింది. రాకపోతే బాగుండుననుకుంది. పెద్దావిడ ఎవరింట్లోంచో చక్రాల కుర్చీ తెప్పించింది. డిపో రెండు వీధుల అవతలే.

పన్నెండేళ్లు ఆయనతో ఒకే బస్సులో తిరిగిన కండక్టరు, టిక్కెట్ల మిషను చేతిలో అలాగే పట్టుకుని పరుగున వచ్చాడు. "ఏరా, లేటుగా వచ్చావు, మెమో ఇస్తారు," అన్నాడు. షెడ్డులో ఆగి ఉన్న బస్సులోకి ఇద్దరూ కలిసి ఎక్కించారు. సీట్లో పక్కకు ఒరిగిపోకుండా ఆమె వెనకనుంచి భుజాలు పట్టుకుంది. చేతులు స్టీరింగు మీద పెడితే జారిపోయాయి. మళ్లీ పెట్టి, తన చేతులు పైన వేసి అదిమి పట్టింది.

బావ అద్దంలోకి చూశాడు, వెనక సీట్లన్నీ ఖాళీ. "చెప్పరా," అన్నాడు కండక్టరుతో.

"రైట్ రైట్!" అని బస్సు అదిరేలా అరిచాడు కండక్టరు. అరిచి, వెనక తలుపులోంచి దిగి షెడ్డు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

పావుగంట అలాగే కూర్చున్నాడు బావ. కదలని బస్సులోంచి రోడ్డు చూసినట్టు ముందుకు చూస్తూ.

ఆ రోజు ఫ్యాక్టరీలో కరెంటు పోయి పని ఆపేశారు. బావను మోసుకుని మెట్లెక్కి పైకి వచ్చేసరికి, ముందే ఇంటికొచ్చేసిన అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ముగ్గురూ కలిసి ఆయన్ని పడుకోబెట్టారు, పెద్దావిడ వెళ్లిపోయింది, అక్క వంటగదిలోకి నడిచింది. చెల్లెలు వెంట వెళ్లగానే తలుపు మూసింది.

"పడేసి ఉంటే?"

"పడెయ్యలేదు కదా."

"మంచిదానివయ్యావు. నేను వద్దన్నది నువ్వు చేసి చూపించావు. పది రోజులుండి పోయేదానివి, మోస్తావు, ఊరంతా తిప్పుతావు. నీకిది సెలవు. నాకేదే సెలవు?"

అక్క గొంతు తగ్గింది. తగ్గేకొద్దీ వినడం కష్టమైంది.

"ఒక్కోరోజు ఫ్యాక్టరీ నుంచి వస్తూ, మెట్ల కింద ఆగిపోతాను. నేను పైకెళ్లేసరికి అంతా అయిపోయి ఉంటే బాగుండు అనిపిస్తుంది. ఆయనే నా ప్రాణమని నీకు తెలుసు కదా. అయినా అనిపిస్తుంది. అప్పుడు నా నోరు నేనే కొట్టుకుంటాను."

చెల్లెలు అక్కను పట్టుకుంది. చిన్నప్పుడు తనను ఎత్తుకున్న భుజాలు అవి. ఎముకలు చేతికి తగిలాయి.

రెండు గదుల ఇల్లు. మూసినా ఆ తలుపు మాటల్ని ఆపదని ఇద్దరికీ తెలుసు, ఆ క్షణంలో గుర్తు లేదు. అక్క కళ్లు తుడుచుకుని గదిలోకి వెళ్లేసరికి బావ తలుపు వైపే చూస్తున్నాడు.

"నేనూ... అదే... అనుకుంటా," అన్నాడు.

అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని ఆయన అరచేతిలో మొహం పెట్టుకుంది. నిమరడానికి ఆ చెయ్యి లేవలేదు.

పదోరోజు ఆమె బ్యాగు సర్దుకోలేదు. మాస్టారుకు ఫోను చేసి, ఇకనుంచి నెలలో పదిహేను రోజులు అక్కడ, పదిహేను రోజులు ఇక్కడ అని చెప్పింది.

"ఈ సీజను పోతుంది. తెలుసా?"

"తెలుసు మాస్టారూ."

"సరే. అక్కడున్నన్నాళ్లూ ఏం చెయ్యాలో రాసి పంపిస్తా," అని పెట్టేశారు.

సంగతి తెలిసి బావ రెండు రోజులు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె తినిపించబోతే నోరు తెరవలేదు. మూడోరోజు, "నువ్వు తినకపోతే నేనూ తినను, ఇద్దరం కలిసి పడదాం మంచాన," అని పళ్లెం కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నం రెండయ్యాక నోరు తెరిచాడు.

ఎంపిక పోటీలో ఆమె ఏడోస్థానంలో వచ్చింది. మొదటి ముగ్గురినే తీసుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో, కిటికీకి తల ఆనించి ఏడ్చింది. బావ కోసం కాదు, తన కోసమే. ఈ జబ్బు ఇంకో ఏడాది ఆగి వస్తే ఏం పోయేది అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడ్డా, బాధ పోలేదు. ఇంటికొచ్చాక బావ కళ్లతోనే అడిగాడు. అప్పటికి మాట పూర్తిగా పోయింది. ఏడు వేళ్లు చూపించింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. రెప్పల కిందనుంచి నీళ్లు చెవుల్లోకి కారితే, ఆమె చున్నీ కొంగుతో తుడిచి, "వచ్చే ఏడాది చూద్దాంలే బావా," అంది. వచ్చే ఏడాది అన్న మాట ఆ గదిలో అనకూడదని నోరు జారాక గుర్తొచ్చింది.

ఆమె వచ్చిన ఐదో నెలలో, ఒక పొద్దున పదకొండు గంటలప్పుడు, ఆమె బావ కుడికాలు వంచి చాపుతోంది. అలవాటుగా పైకి లెక్కపెడుతోంది. ఆరు దగ్గర తలెత్తి చూసింది. ఆయన కళ్లు కిటికీ మీదే ఉన్నాయి గానీ చూపు లేదు. ఛాతీ కదలడం లేదు. ఆమె అరవలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది అని నెమ్మదిగా పూర్తిచేసి, కాలు చక్కగా చాపి, పైన దుప్పటి కప్పింది.

పెద్దావిడను కూర్చోబెట్టి, తనే ఫ్యాక్టరీకి నడిచి వెళ్లింది. ఫోనులో చెప్పాలనిపించలేదు. వరసగా ముప్ఫై మిషన్లు. మూడో వరసలో అక్క తలెత్తి, గుమ్మంలో చెల్లెల్ని చూసింది. మిషను స్విచ్చు ఆపేసింది.

"ఎప్పుడు?"

"ఇందాకే. పక్కనే ఉన్నాను."

"బాధపడ్డారా?"

"లేదక్కా. నాకే తెలియలేదు."

అక్క తల ఊపి, టిఫిన్ డబ్బా కోసం వెతుక్కుంది. ఎదురుగానే ఉన్నా కనపడలేదు. పక్క మిషనావిడ తీసి చేతిలో పెట్టింది.

వచ్చినవాళ్లంతా మూడోరోజుకి వెళ్లిపోయారు. కండక్టరు అందరికన్నా చివర వెళ్లాడు. ఆ మధ్యాహ్నం అక్క కాసేపు నడుం వాలుస్తానని పడుకుని, మర్నాడు ఎండ గదిలోకి వచ్చేదాకా కదలకుండా నిద్రపోయింది. చెల్లెలు అడుగుల చప్పుడు కాకుండా తిరిగింది. ఫోను మోగితే బయటికి తీసుకెళ్లి, నిద్రపోతోంది, లేపను అని చెప్పింది.

పది గంటలప్పుడు అక్క ఉలిక్కిపడి లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంటూ, "ఇంతసేపు లేపలేదేంటే! ఆయనకి తినిపించావా?" అంది.

చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. జుట్టు ముడి సగంలో అక్క చేతులు ఆగిపోయాయి.

"పడుకో అక్కా," అంది చెల్లెలు. "ఇంకాసేపు పడుకో."

అక్క పడుకుంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.