గాలి నిలవని పడవ

గాలి పడవను మంచినీళ్లతో కడిగి, మూలల్లో ఇరుక్కున్న ఇసుకను బ్రష్షుతో తీసి, తుడిచి నీడన ఆరబెట్టాడు ఎందుకయ్య. ఆనక గాలి తీసి, పౌడరు చల్లి, పరుపులా చుట్టి, ఎలుకలకు అందని అటక మీదికి చేర్చాడు. చేపల వేట కాలం ముగిసిందంటే సరస్సు ఒడ్డున పడవల షెడ్డులో అతనికి ఊపిరి సలపని పని.

అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏది చూసినా “ఎందుకయ్యా?” అని అడగడం పుట్టుకతో వచ్చిన జబ్బు. చిన్నప్పుడు గడియారం ఎందుకు కొట్టుకుంటుందో చూద్దామని విప్పి, తండ్రి చేత వీపు విమానం మోత మోగించుకున్నాడు. పెద్దయ్యాక సైకిళ్ల పంక్చర్లు వేస్తూ వేస్తూ ఇక్కడ తేలాడు.

పొద్దున్నే మేనేజరు మూలనున్న ఆకుపచ్చ పడవను చూపించాడు.

“దీని చిల్లు ఇవాళ దొరికితే సరే. లేకపోతే సాయంత్రం పాతసామాను బండి ఎక్కించేద్దాం.”

“దొరకని దొంగ సార్ ఇది. చూస్తాను.”

ఆ పడవ షెడ్డులో ఉన్నంతకాలం బిగువు సడలదు. వేటకు వెళ్తే మాత్రం ఉసూరుమంటూ మెత్తబడి వస్తుంది. సబ్బునురుగు పూసినా బుడగ లేవదు, చెవి ఆనించినా చప్పుడు రాదు. పడవ పోతే పోయింది, కారణం తెలియకుండా పోతుందే అన్నదే అతని బాధ.

పక్కన లైఫ్ జాకెట్ల పట్టీలు కుడుతున్న భార్య సణిగింది. “ఇంట్లో కుళాయి కారుతుంటే నీకు వినబడదు. దీని గుసగుసలు మాత్రం వినాలి.”

“కుళాయి ఎందుకు కారుతోందో తెలుసు కదే. తెలిసినదాంతో ఏం పని?”

మధ్యాహ్నం అన్నం తింటూ ఎడమ భుజం లాగుతోందన్నాడు. పొద్దుటి నుంచీ బ్రష్షు తిప్పితే లాగదా అందామె. నీళ్లకోసం లేచి, వచ్చి మళ్లీ కూర్చుంది. ఆమె కూర్చోగానే కింద వేసుకున్న దిండు కుట్టు నోరు తెరిచింది. ఎందుకయ్య ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఒకసారి లేచి మళ్లీ కూర్చో.”

“మతి పోయిందా నీకు?” అంటూనే లేచి కూర్చుంది. లేవగానే మూసుకున్న కుట్టు, బరువు పడగానే మళ్లీ తెరుచుకుంది.

పొడినేల మీద పడవ ఎక్కకూడదు, అడుగున రాయి ఉంటే కోసుకుపోతుంది. షెడ్డులో అందరికీ ఆ నియమం నేర్పింది అతనే. అందుకే ఇన్నాళ్లూ ఖాళీ పడవకే పరీక్షలు చేశాడు. గబగబా నేల ఊడ్చి, పట్టా పరిచి, పడవకు చిక్కటి నురుగు పూసి లోపలికి ఎక్కాడు. పెళ్లికొడుకులా కూర్చున్నాడని ఆమె నవ్వుకుంది.

ఒక పట్టీ కుట్టడం అయ్యేసరికి మేనేజరు వచ్చాడు. ఎందుకయ్య పడవ అంచుకు చెంప ఆనించి వాలి ఉన్నాడు.

“వింటున్నాడు సార్. ఇప్పుడు పలకరిస్తే కసురుకుంటాడు,” అని ఇంకో పట్టీ అందుకుందామె.

బయట పాతసామాను బండి హారన్ మోగింది. అతను తల ఎత్తలేదు. ఆ బండి వచ్చిందని తెలిసీ కదలని మనిషి కాదు. ఆమె సూది వదిలేసి వెళ్లి భుజం పట్టి కదిపింది. చేయి జారి కిందికి వేలాడింది. ఇంతసేపూ పక్కనే కూర్చుని కుడుతూ, పోయిన మనిషిని వింటున్నాడనుకుంది.

అంతలో అతని చేతి కింద, అంచు వెలుపలి అతుకు దగ్గర, సుద్దతో గీసిన చిన్న గుండ్రం కనిపించింది. దాని మధ్య నురుగు బుడగ ఉబ్బుతోంది, పగులుతోంది, మళ్లీ ఉబ్బుతోంది.

“బండి వద్దని చెప్పండి సార్,” అంది కళ్లు తుడుచుకోకుండానే. “దొరికింది ఆయనకి.”

ఆమె, మేనేజరు, బండివాడు ముగ్గురూ కలిసి అతన్ని పైకి లేపారు. బరువు దిగిన పడవ అతుకు మూసుకుంది. సుద్ద గుండ్రంలో ఆఖరి బుడగ ఒక్కటి, పగలకుండా అలాగే నిలిచింది.