అల గుర్తు ఫోల్డరు

శనివారం మధ్యాహ్నం, బ్రాడీపేటలోని అద్దె గదిలో ల్యాప్‌టాప్ ముందు షారోన్ బిక్కమొహం వేసుకుని కూర్చుంది. భర్త మాటలన్నీ పోయాయి.

పెళ్లి పందిరి విప్పీ విప్పకముందే సాల్మన్‌కి పొదిలి దగ్గర వ్యవసాయ సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచి పొలం గట్ల మీద నిలబడి అతను పంపే వాయిస్ మెసేజీలే ఆమెకు కాపురం. పత్తికి గులాబీ పురుగు పట్టిందని, ఎవరో ముసలమ్మ పిలిచి చల్ల పోసిందని, మిరప కల్లంలో తుమ్ములు ఆగడం లేదని. ఆ తుమ్ములు కూడా ఆమెకు ముద్దే.

ఫోను నిండిపోవడంతో, వాటిని ల్యాప్‌టాప్‌లోకి చేర్చడానికి పొద్దున ఓ చిన్న ప్రోగ్రాం రాసింది. అన్నీ భద్రపరిచానని అది చెప్పింది. నమ్మి, ఫోన్లోవి తీసేసింది. ఇప్పుడు చూస్తే తను పెట్టమన్న చోట సాల్మన్ పేరుతో ఫోల్డరే లేదు. మళ్లీ పంపమని అతన్ని అడుగుదామంటే అతని పాత ఫోను పురుగుమందు డ్రమ్ములో పడి చచ్చింది.

ఆఫీసులో పక్క సీటు భవ్యకి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

“చోటు ఎట్లా రాశావే?”

“ముందు అల గుర్తు (~), తర్వాత ఏటవాలు గీత, సాల్మన్. అల గుర్తంటే నా సొంత ఫోల్డరే కదా. రోజూ కొట్టేదేగా.”

“కమాండ్లు కొట్టే నల్ల తెరకి అది తెలుసు. నీ పైథాన్ ప్రోగ్రాంకి తెలీదు, విడిగా విప్పి చెప్పాలి. పెళ్లయ్యాక బుర్ర పొదిలిలో పెట్టావా?”

“సగమే పెట్టా. ఉండు, ప్రోగ్రాం ఉన్న చోట ఏదో చెత్త పడుంది. ఉత్త అల గుర్తే పేరుగా ఓ ఫోల్డరు. తీసేస్తున్నా.”

“ఒసేయ్, కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి.” భవ్య గొంతులో నవ్వు పోయింది. “నల్ల తెర మీద అల గుర్తుని తీసెయ్యమంటే నీ సొంత ఫోల్డరు మొత్తం తుడిచేస్తుంది. పెళ్లి ఫొటోలతో సహా. ముందు ఆ చెత్తని తెరిచి చూడు తల్లీ.”

తెరిచింది. లోపల సాల్మన్ ఉన్నాడు. ప్రోగ్రాం ఆ గుర్తును మామూలు పేరే అనుకుని, ఆ పేరుతో కొత్త ఫోల్డరు చేసి, మెసేజీలన్నీ బుద్ధిగా అందులోనే సర్దింది. షారోన్ కుర్చీలోనే ఓసారి గిర్రున తిరిగింది. అన్నిటినీ సరైన చోటికి మార్చి, ఒక్కోటీ వినసాగింది.

అంతలో అతనే ఫోన్ చేశాడు.

“ఏం చేస్తున్నావు?”

“మీ మాటలు వింటున్నా.”

“నేనింకా మొదలుపెట్టందే?”

“మొన్నటివి లెండి.”

అతను నవ్వాడు. “రేపు కూడా రాలేను షారోన్. పంటల సర్వే పడింది.”

“సరేనండి,” అంది. ఎవరో రైతు కేకేస్తే అతను ఫోన్ పెట్టేశాడు.

ఆపిన మెసేజీ మళ్లీ నడిపింది. మొన్నటి సాల్మన్ గాలి హోరులోంచి, “తిన్నావా?” అని అడిగాడు.

“ఇంకా లేదు,” అని ఖాళీ గదిలోకి జవాబిచ్చి, లేచి కంచంలో అన్నం పెట్టుకుంది.