ఆశీలు లేని పూట

మా ఊరి చేపల మార్కెట్లో పన్ను రద్దు చేసిన మొట్టమొదటి ప్రభుత్వాన్ని నేనే. ఆ ప్రభుత్వం పొద్దున్నే ఏర్పడి, టిఫిన్ల వేళకి కూలిపోయింది.

నాకున్నది మైకు ఆటో. ఆ రోజు గొంతు మార్చి, "ఇవాళ్టి నుంచి చేపలవాళ్లు ఆశీలు కట్టనక్కర్లేదు. ఎక్కడ బేరమైతే అక్కడ కూర్చోవచ్చు" అని ఊరంతా చాటాను. గంపకింతని ఆశీలు వసూలుచేసే హక్కు వేలంలో పాడుకున్న ధనరాజుగారి మొహం చూడాలని సరదా.

ఇదివరకు చేపలు సెంటర్లో, గుడివాడ బస్సులు ఆగే చోట అమ్మేవాళ్లు. తర్వాత కాలవ అవతల ప్రభుత్వం మార్కెట్ కట్టి, ఇక చేపలన్నీ అక్కడే అమ్మాలంది. అందులో ఫ్యాన్లున్నాయి, టైల్సున్నాయి, మా స్కూలంత శిలాఫలకముంది. కొనేవాడు లేడు. ఈగలు కూడా బస్సెక్కి సెంటరుకే వెళ్లిపోయాయి. మార్కెట్ నిర్వహణకని ఆశీలు మాత్రం పెంచారు.

బందరు నుంచి చేపలు తెచ్చే సత్యవతమ్మత్త ముందురోజే నాతో అంది: "వాళ్ల సొంత డబ్బయితే ఈగలకి బిల్డింగు కడతార్రా మోహనూ? మన డబ్బు కాబట్టి కట్టారు. కొనేవాళ్లు ఎక్కడ దిగుతారో మమ్మల్నొక్క మాటడిగితే పోయేది. ఇంకొక్క గంప తెస్తా. అదీ మిగిలిపోతే బంటుమిల్లి వెళ్లి కూలికి రొయ్యలు ఒలుచుకుంటా."

నా చాటింపు విన్నాక ఆ గంప సెంటర్లోనే దించింది. బస్సాగింది.

"పండుగప్ప ఎంతమ్మా?"

"ముందు దాని మొహం చూడండి బాబుగారూ, మిమ్మల్ని చూసి సిగ్గుపడతంది!"

జనం నవ్వారు. సగం గంప ఖాళీ అయింది. అప్పుడొచ్చాడు ధనరాజు, మనుషుల్ని వెంటేసుకుని. గంప రోడ్డు మీద బోర్లించారు. కాటా పట్టుకుపోయారు.

"ఆశీలు లేదని ఎవరు చెప్పారు నీకు?"

"మైకులో చెప్పారండీ."

"ఎవరి మైకు?"

అత్త టీకొట్టు దగ్గరున్న నావైపు చూసింది. నేను టీగ్లాసులోకి చూశాను.

"ఎవరో కొత్తోళ్లండీ," అంది అత్త.

"ఇంక మార్కెట్లో కూడా కనపడకు!"

వాళ్లు వెళ్లాక, బస్సు చక్రం కింద పడని చేపలు ఏరి కొంగులో వేసుకుని అత్త నా ఆటో దగ్గరికొచ్చింది.

"బంటుమిల్లి బస్సెప్పుడ్రా?"

"అత్తా, ఆ మైకు..."

"నీ గొంతు నాకు తెలీదంట్రా? తెలిసే కూర్చున్నా. ఒక్కపూటన్నా బస్సు దగ్గర అమ్ముదామని."

"నేనే చాటానత్తా," అన్నాను. "ధనరాజుగార్ని ఏడిపిద్దామని. నీ గంప సంగతి అసలు ఆలోచించలేదు."