ఫస్ట్ బేస్‌కి నాలుగో పేరు

"నీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది చెప్పు" అన్నాడు కోచ్ ఫోన్‌లో. అప్పటికి ఆమె భర్త చొక్కాల్లో నాలుగోది ఇస్త్రీ చేస్తోంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కాలరు మీద పెట్టె నొక్కుతూ వింది. ఫస్ట్ బేస్‌కి ముగ్గురమ్మాయిల్ని అనుకుంటున్నారట. శనివారం మధ్యాహ్నం వచ్చి, ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూసి, ఎవరు ఎందులో మెరుగో రాసివ్వాలట. ఆమెకి ఒళ్ళు పొంగింది. తువ్వాలు ఎక్కడుంది, మందు వేసే టైమైందా అని తప్ప, ఏడాదిగా తనని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పొంగులో పడి, ముగ్గురు ఎవరి బదులు అని అడగడమే మర్చిపోయింది.

సీసాల ఫ్యాక్టరీలో ఆమెది తనిఖీ పని. దీపం ముందునుంచి వరసగా వెళ్ళే సీసాల్లో బీటలున్నవి, బుడగలున్నవి ఏరెయ్యాలి. ఫ్యాక్టరీ ఆడవాళ్ళ బేస్‌బాల్ జట్టులో తొమ్మిదేళ్ళు ఫస్ట్ బేస్ ఆమెదే. ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పేది. బంతి కొట్టినమ్మాయి ఫస్ట్ బేస్ మీదికి పరిగెత్తుకొస్తుంది, ఆ పిల్ల కన్నా ముందు బంతి నా చేతిలో పడాలి, నా కాలు బేస్ మీద ఉండాలి, అంతే అనేది. అంతే అంటే అంతేనా? మైదానంలో ఎవరు ఏ మూలనుంచి కంగారుగా విసిరినా అది వచ్చిపడేది ఆమె మీదే. వంకరగా వచ్చిన బంతిని ఆమె వదిలేస్తే, తప్పు విసిరినమ్మాయి పేరున స్కోరు పుస్తకంలో ఎక్కుతుంది. అదే బంతిని మోకాళ్ళు చెక్కుకుపోయేలా పడి పట్టుకుంటే ఎవరి పేరునా ఏమీ ఎక్కదు. ఇంట్లో ఆమె చేసే చాకిరీకీ అదే లెక్క. కూర మాడిన రోజే ఇంట్లో వంటమనిషి ఒకతె ఉందని గుర్తొస్తుంది అందరికీ.

పోయిన సీజన్ ఆమె ఆడలేదు. అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆడపడుచు ఫోన్‌లో వెక్కివెక్కి ఏడ్చి పెట్టేసింది. భర్త తనకి సెలవు దొరకదన్నాడు. ఆమెకి మాత్రం దొరికినట్టే అనుకున్నారు. షిఫ్టు పొద్దుటికి మార్పించుకుని, సాయంత్రాలన్నీ అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టడానికీ, ఒళ్ళు తుడిచి పక్క మార్చడానికీ, భుజం ఆసరా ఇచ్చి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిపించడానికీ సరిపోయాయి. కోలుకుని కర్ర కూడా పక్కన పెట్టేశాక ఆవిడ చూడవచ్చిన చుట్టాలతో "మావాడు నన్ను కంటికి రెప్పలా చూసుకున్నాడు" అంది. పక్కగదిలో దుప్పట్లు మడతపెడుతూ ఆమె విన్నది. మర్నాటినుంచి భోజనాల విరామంలో ఫ్యాక్టరీ వెనక గోడకి బంతి కొట్టి పట్టుకోవడం మొదలుపెట్టింది. మూడు నెలలుగా, ఒక్క రోజు మానకుండా.

శనివారం మైదానానికి వెళ్ళేసరికి కోచ్ అట్టకి బిగించిన కాగితం చేతికిచ్చాడు. అందులో మూడు గళ్ళు, మూడు పేర్లు. బాటిల్ మూతల సెక్షన్‌లో చేసే పొడుగుపిల్లని జట్టంతా నిచ్చెన అంటుంది. రెండో అమ్మాయి ఆఫీసులో టైపు చేస్తుంది, ఎడంచేతి వాటం. మూడోది ప్యాకింగులో కొత్తగా చేరిన బుడ్డి, ఆమె భుజం దాకా కూడా రాదు.

థర్డ్ బేస్‌లో ఆడే పిల్ల చేత ఒక్కొక్కరికీ నలభై బంతులు విసిరించింది. కొన్ని తిన్నగా, కొన్ని తలకి పైగా, కొన్ని పక్కకి, కొన్ని కాళ్ళ ముందు దుమ్ములో. నిచ్చెన కాళ్ళు బార్లా చాపితే సగం మైదానం కొలిచినట్టుంటుంది గానీ, బంతి అందేలోపే మడమ బేస్ మీద నుంచి లేచిపోతోంది. ఎడంచేతి పిల్లకి గ్లవ్ కుడిచేతికి, అంటే బంతులొచ్చే వైపుకే ఉండటం కలిసొచ్చింది. మంచి బంతిని పువ్వులా అందుకుంది. దుమ్ములో పడినదానికి మాత్రం మొహం తిప్పేసుకుని, "సరిగ్గా విసరలేవా?" అని విసిరినమ్మాయిని కసిరింది. బుడ్డి ఎవరినీ కసరలేదు. విసిరే పిల్ల భుజం ఎటు వాలుతుందో చూసి, బంతి ఇంకా గాల్లో ఉండగానే ముందుకు వంగేది. దుమ్ములోంచి ఊడ్చి తీసింది, ఒకటి కాదు, తొమ్మిది. చూస్తుంటే ఆమెకి ముచ్చటేసింది. కొంచెం అసూయా వేసింది.

కోచ్ పక్కకి చేరి గొంతు తగ్గించాడు. జట్టుని ఎంచే కమిటీవాళ్ళు నిచ్చెననే వేద్దామనుకుంటున్నారట, చూడటానికి ఫస్ట్ బేస్‌లా ఉంటుందట. ఆమె కూడా అదే రాసేస్తే రేపు ఎవరూ నోరెత్తరట.

అప్పుడు అడిగింది ఆమె. "నా పేరు ఏది సార్?"

కోచ్ ఆమె మొహంలోకి తెల్లబోయి చూశాడు. "అదేంటి, నువ్వు మానేస్తున్నావని మీ ఆయన ఫోన్ చేసి చెప్పాడుగా? రెండు నెలలైంది."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకి ఆ ఎండలో తెలిసింది. రెండు నెలలు! ఆ రెండు నెలలూ ఆమె అన్నం గబగబా మింగి గోడ దగ్గరికి పరిగెత్తింది. అదే రెండు నెలలు ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఆమె వడ్డించింది తిన్నాడు, అరచేతి బొబ్బలు చూసి ఫ్యాక్టరీలో గ్లవ్స్ ఇవ్వరా అన్నాడు. ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో ఆయన స్నేహితులకి "మా ఆవిడ ఆడుతుంది" అని పరిచయం చేసేవాడు, ఇంట్లో కొత్తగా కొన్న వస్తువుని చూపించినట్టు. తర్వాత "ఏదో సరదాకి" అన్నాడు. అత్తగారు "ఈ వయసులో గంతులేంటి" అని మొదలుపెట్టాక, "ఆటలో అరటిపండులే అమ్మా" అని నవ్వించాడు. తొమ్మిదేళ్ళు ఆ జట్టులో ప్రతి బంతీ చివరికొచ్చి చేరింది ఎవరి చేతికని? అన్నీ మింగింది. ఇప్పుడీ కోచ్, ఈ కమిటీ. మొగుడు ఫోన్ చేస్తే చాలు, ఆడేది ఎవరో ఆమెని అడగక్కర్లేదు. పైగా తన చోటు ఎవరికివ్వాలో తన చేతే రాయించి, కింద సంతకం పెట్టించుకుంటారు!

అట్ట నేల మీద పెట్టి, సంచిలోంచి గ్లవ్ తీసింది. "నాకూ నలభై విసరమనండి."

కోచ్ ఇప్పుడెందుకని నసిగాడు. ఆమె అప్పటికే బేస్ మీద నిలబడింది. లెక్క బుడ్డిని రాయమంది. థర్డ్ బేస్ పిల్ల జాలిపడి మొదట మెత్తగా విసిరింది. "వాళ్ళకెలా విసిరావో అలాగే" అని అరిచింది ఆమె. తర్వాతవి అలాగే వచ్చాయి. ఏడాది సెలవు ఎక్కడికీ పోదు, నడుములోనే ఉంటుంది. దుమ్ములో పడినవి అయిదు గ్లవ్ కింద నుంచి జారిపోయాయి. పట్టుకుని తీరాల్సిన ఒకటి మణికట్టుకి తగిలి ఎగిరింది. ఆఖరి బంతిని పడి పట్టుకుని లేచేసరికి మోచేయి దోక్కుపోయింది.

నలభైలో బుడ్డి పట్టినవి ముప్ఫై ఆరు. ఆమె పట్టినవి ముప్ఫై నాలుగు. బుడ్డి అంకె చెప్పలేక నీళ్ళు నములుతుంటే, పెన్ను లాక్కుని మూడు గళ్ళ కింద నాలుగోది తనే గీసింది. మొదట బుడ్డి, రెండు తను, మూడు ఎడంచేతి పిల్ల, నాలుగు నిచ్చెన. మడమ సంగతీ, భుజం చూసే సంగతీ, తన నడుం సంగతీ, ఎవరిది వాళ్ళకి ఉన్నదున్నట్టు రాసింది.

"ఎలాగూ మొదటి స్థానం రాలేదు కదా, మధ్యలో నీ పేరెందుకు?" అన్నాడు కోచ్.

"ఓడిపోయానని రాసుకోండి సార్, ఒప్పుకుంటా. మానేశానని రాయడానికి మీరెవరు? నిచ్చెనని వేస్తే మాత్రం ఈ కాగితం నోటీసు బోర్డు మీద అతికిస్తాను."

కోచ్ కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతే, ముందు తన ఫోన్‌లో ఫొటో తీసుకుంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు టీవీ ముందుంది. భర్త సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు. మోచేతి మీద నెత్తురు చూసి ఎక్కడ పడ్డావన్నాడు. ఫస్ట్ బేస్‌లో అని చెప్పింది. ఆయన మొహం ఒక్క క్షణం రంగు మారి, మళ్ళీ సర్దుకుంది.

"నీ మంచికే చేశాను. నువ్వయితే మొహమాటపడి చెప్పలేవని నీ బదులు నేనే చెప్పేశా. అమ్మ కూడా అదే అంది."

అత్తగారు టీవీ గొంతు కొంచెం పెంచింది.

ఆమె కుళాయి కింద మోచేయి కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చింది. మంగళ, గురు, శనివారాలు ప్రాక్టీసు ఉంటుంది, జాబితాలో రెండో పేరుగా ఉన్న ఆటగత్తెకీ ఉంటుంది, ఆ మూడు సాయంత్రాలూ వంటా ఇల్లూ మీవే అని చెప్పింది. ఆయన ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"మీ మేనేజరు నంబరివ్వండి."

"ఎందుకు?"

"మీరు బాగా అలిసిపోతున్నారు. సోమవారం నుంచి రారని చెప్తాను. మీరయితే మొహమాటపడతారు."

ఆయన నవ్వాడు. నవ్వి, ఆమె వైపు చూసి, చేతిలో ఫోన్‌ని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.