ముసుగు కింద పైడయ్య

నేను ఒక కంచు విగ్రహాన్ని. మెడ పైన ఒకరిని, మెడ కింద మరొకరిని. ఈ ఓడరేవు నగరంలో దారి అడిగితే అందరూ నా గుర్తే చెబుతారు. వాళ్లు పలికే పేరు మాత్రం నాది కాదు.

నన్ను పోత పోసింది పైడయ్య కోసం. మ్యాన్‌హోల్లో ఊపిరాడక పడిపోయిన ఇద్దరు తోటివాళ్లను పైకి నెట్టి, తాను పైకి రాలేకపోయిన కార్పొరేషన్ కూలీ. మిగతా కూలీలు చందాలు వేసుకుని శిల్పి వీరభద్రాచారి యార్డుకొచ్చారు. పైడయ్య భార్య గవరమ్మ మట్టి నమూనా ముందు కూర్చుని, "మాయింటోడి ఎడంకాలి బొట్టనేలు వొంకర, బావూ. అది తిన్నగుంటే ఆడు కాడు" అంది. ఆచారి వేలు వంచాడు. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టాడు.

యార్డులో ఒళ్లు వేరుగా, తల వేరుగా పోసి చివర్లో అతుకుతారు. నా కొంప ముంచింది అదే. తల అతికేలోగా కార్పొరేటర్ చిట్టిబాబు తండ్రి పోయాడు. కూడలిలో పైడయ్య కోసం కూలీలు అర్జీ పెట్టుకున్న చోటు ఆయనకిచ్చేశారు. ఆ అర్జీ ఏమైందో దేవుడికే తెలియాలి.

"ఒళ్లు రెడీగానే ఉందిగా, తల మార్చెయ్" అన్నాడు చిట్టిబాబు.

"కాళ్లకు చెప్పుల్లేవండీ" అని నసిగాడు ఆచారి.

"మా నాన్న రైతుబిడ్డ. ఉత్తికాళ్లతోనే తిరిగాడని రాయించు."

యార్డు స్థలం చిట్టిబాబుది. ఆచారి పెద్దాయన తల పోసి నా మెడకు అతికేశాడు. కారు దిగి నేల మీద కాలు పెట్టని పెద్దమనిషి గురించిన ఆ రాత ఇప్పుడు నా కాళ్ల కిందే ఉంది. పైడయ్య తల యార్డులో టార్పాలిన్ ఎగిరిపోకుండా బరువుకు పెట్టారు.

ఈ కూడలి ఊడ్చేది గవరమ్మే. ఊడ్చాక తల దించుకునే వచ్చి వంకర వేలి మీద ఓ బంతిపువ్వు పెడుతుంది. చిట్టిబాబు మనుషులు దానికి ఫొటో తీసి, పెద్దాయనంటే పేదలకెంత భక్తోనని ఊరంతా పోస్టర్లు వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. కంచు ఒళ్లు మండితే ఎవరికి తెలుస్తుంది?

ఎన్నికలొచ్చాయి. కోడ్ అంటూ నాయకుల విగ్రహాలన్నిటికీ ముసుగులు కట్టారు. నాకు గుడ్డ చాలక మోకాళ్ల దాకానే వచ్చింది. ఆ పొద్దున గవరమ్మ మొదటిసారి తలెత్తి చూసింది. చీపురు పక్కన పెట్టి గద్దె మీద కూర్చుంది. వంకర వేలు పట్టుకుని, "ఇన్నాళ్లకి కనిపించావు" అంది. కూతురికి ఆడపిల్ల పుట్టిందని చెప్పింది. అలా రోజూ వచ్చి ఇంటి సంగతులు చెప్పుకునేది. ఆ కొద్ది రోజులే నేను పైడయ్యగా బతికాను.

చిట్టిబాబు మళ్లీ గెలిచాడు. మేళతాళాలతో వచ్చి అతని మనుషులు ముసుగు లాగేసరికి గవరమ్మ నా వేలు పట్టుకునే ఉంది. తలెత్తి నా మొహం చూసింది. పరాయి మగాడి కాలు పట్టుకున్నట్టు చటుక్కున చెయ్యి తీసేసి, పైట నిండుగా కప్పుకుని లేచిపోయింది.